బరి చుట్టూ మొహాలు

విశాఖపట్నం నుంచి అరకు రైలెక్కే కుటుంబాలన్నిటి దగ్గరా దాదాపు ఒకే జాబితా ఉంటుంది. బొర్రా గుహలు, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి, మధ్యాహ్నం బొంగు చికెన్, రాత్రికి వీలైతే థింసా నాట్యం. ఈ జాబితాలోకి ఎక్కకపోయినా శుక్రవారం నాడు వెళ్ళినవాళ్ళకి ఎదురయ్యేది ఇంకొకటుంది, అరకులోయ సంత. చుట్టుపక్కల కొండల మీంచి భగతలు, కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు, గదబలు, పోర్జాలు, కువి మాట్లాడే కోందులు దిగి వస్తారు. పసుపు, రాజ్మా, మిరియాలు, అడ్డాకులు, కొండచీపుర్లు ఒక పక్క. మైదానం నుంచి ఎక్కివచ్చిన ఉప్పుచేపలు, ప్లాస్టిక్ బిందెలు, చవక చొక్కాలు ఇంకో పక్క. సంత సందడి పలచబడే చోట, ఏ చెట్టు కిందో, మగవాళ్ళు గుండ్రంగా గుమిగూడి కనిపించడం మన్యం సంతల్లో చాలాచోట్ల మామూలే. లోపల రెండు కోళ్ళుంటాయి. అటుగా వచ్చిన టూరిస్టు కుటుంబంలో నాలుగైదేళ్ళ పిల్లవాడు ఉన్నాడనుకుందాం. పెద్దవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి వాడికేమీ కనపడదు. "అక్కడేంటి నాన్నా?" అంటాడు. తండ్రి వాణ్ణి అమాంతం ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుంటాడు. అలా ఎత్తుకోకూడదని నా వాదన. కోడి తరఫున మాట్లాడేవాళ్ళు వేరే ఉన్నారు, చట్టం కూడా ఉంది. నేను మాట్లాడదలుచుకున్నది భుజాల మీద కూర్చున్నవాడి గురించి.

ఈ ప్రశ్న అరకులో మొదలైనా అరకులోనే ఆగదు. సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర ఫ్లడ్ లైట్లూ, పెద్ద తెరలూ, కుర్చీల గ్యాలరీలూ వెలుస్తాయి. హైదరాబాదు నుంచి పిల్లాపాపలతో కార్లు దిగుతాయి. కనుమ నాడు చంద్రగిరి పక్కన రంగంపేటలో కొమ్ములకి పలకలు కట్టిన పశువుల్ని వీధుల్లోకి వదులుతారు, మిద్దెల మీద ఆడవాళ్ళూ పిల్లలూ నిండిపోతారు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తిరునాళ్ళ పేరు చెబితే ఒంగోలు గిత్తల బండలాగుడు గుర్తొస్తుంది. మన పిల్లలు చదువుకుని ఉద్యోగాలకి వెళ్ళిన టెక్సస్‌లోనూ ఇదే కథ. హ్యూస్టన్‌లో 1932లో మొదలైన పశువుల ప్రదర్శన ఇప్పుడు ప్రపంచంలోనే పేరున్న రోడియో. ఏటా మార్చి నెలలో అక్కడి తెలుగు కుటుంబాలు కూడా పిల్లలకి కౌబాయ్ టోపీలు పెట్టి తీసుకెళ్తాయి. ఆ ఆవరణలో గంతులేసే ఎద్దుల్లో చాలావాటిది బ్రాహ్మన్ జాతి సంకరం. ఆ బ్రాహ్మన్ జాతిని అమెరికావాళ్ళు తయారుచేసుకున్నది మన దేశపు గిర్, గుజరాత్ పశువులతో పాటు నెల్లూరు, ఒంగోలు గిత్తల నుంచే. అంటే అక్కడ గ్యాలరీలో కూర్చున్న తెలుగువాడికీ, కింద దుమ్ము లేపుతున్న ఎద్దుకీ పుట్టిల్లు ఒకటే కావచ్చు. ఒకరు టికెట్ కొనుక్కుని వచ్చారు, అంతే తేడా.

ఇలాంటి వేడుకల మీద మన దేశంలో జరిగిన వాదమంతా జంతువు చుట్టూనే తిరిగింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పడం నేరం. మొదటిసారి దొరికినవాడికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. ఆ డబ్బుకి ఇవాళ సంతలో నాటుకోడి కాలు కూడా రాదు. జల్లికట్టుని 2014 మే 7న సుప్రీంకోర్టు ఆపించింది, 2017లో తమిళనాడు చట్టం మార్చుకుంది, 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మార్పు చెల్లుతుందని తేల్చింది. ఈ తీర్పుల్లో ఎద్దు హక్కులున్నాయి, ఊరి సంప్రదాయముంది, శాసనసభ అధికారముంది. చూడటానికి వచ్చిన పసివాడి సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. వేరేచోట వచ్చింది. పిల్లల హక్కుల మీద పనిచేసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2014లో పోర్చుగల్ పరిస్థితిని పరిశీలిస్తూ, ఎద్దుల పోరాటాలకి పిల్లల్ని ప్రేక్షకులుగా రానివ్వడం గురించి కూడా ఆందోళన చెప్పింది. పోర్చుగల్ 2021లో ప్రేక్షకుల కనీస వయసుని పన్నెండు నుంచి పదహారుకి పెంచింది. అక్కడ ఎద్దుల పోరాటం ఆగలేదు, ఇప్పటికీ చట్టబద్ధమే. అయినా ఎద్దు సంగతి వేరు, పిల్లవాడి సంగతి వేరు అని వాళ్ళు విడదీసి చూశారు. మనమూ అలా విడదీసి చూస్తే చిక్కు కొంత తేలికవుతుంది.

పిల్లవాడి సంగతి విడిగా చూడాలంటే, ఆ వయసువాడు అసలేం చూస్తాడో తెలియాలి. 1985లో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అచ్చుకెక్కించిన ఒక చిన్న ప్రయోగముంది. బల్ల మీద మందపాటి గాజు పలక పరిచి, సగం దూరం దాటాక దాని కింద లోతు కనిపించేటట్టు చేశారు. పడిపోయే ప్రమాదమేమీ లేదు, కానీ అటు వెళ్ళొచ్చో కూడదో తెలియని సందిగ్ధం పుట్టేంత లోతు. ఏడాది వయసు పిల్లల్ని ఒక చివర వదిలారు, తల్లి రెండో చివర నిలబడింది. తల్లికి ఒకటే పని: మాట్లాడకుండా మొహంలో ఒక భావం చూపించడం. సంతోషం చూపించిన తల్లుల పిల్లలు పందొమ్మిది మందిలో పద్నాలుగు మంది ఆ లోతు మీంచి పాక్కుంటూ దాటారు. భయం చూపించిన తల్లుల పిల్లలు పదిహేడు మందిలో ఒక్కడంటే ఒక్కడు దాటలేదు. లోతు ఒకటే, గాజు ఒకటే, మారిందల్లా మొహం. ఏం చెయ్యాలో తోచనప్పుడు పిల్లవాడు ఎదురుగా ఉన్న వస్తువు కంటే తనవాళ్ళ మొహాన్నే ఎక్కువ నమ్ముతాడు. ఇందుకు ప్రయోగమే అక్కర్లేదని మన అమ్మమ్మలకి తెలుసు. పిల్లవాడు పడినప్పుడు వాళ్ళు చేసే మొదటి పని చప్పట్లు కొట్టడం, రెండోది నేలని కొట్టడం. వాడు ఏడవాలా వద్దా అన్నది అప్పుడు ఆ మొహాలు చూసి నిర్ణయించుకుంటాడు.

ఈ సంగతి మనసులో పెట్టుకుని బరిని చూడండి. పందెం నిజానికి ఎక్కువసేపు ఉండదు. ముందు జరిగే తతంగానికే ఎక్కువసేపు పడుతుంది. పందెగాడు కోడిని చంకలో ఇరికించుకుని తిరుగుతాడు. ఎదుటి కోడి తొడలు పిసికి చూస్తాడు, ఈకలు విప్పి చూస్తాడు. రంగుని బట్టి డేగ, కాకి, నెమలి అని తేల్చి, ఏ పూట ఏ రంగు గెలుస్తుందో వాదిస్తాడు. కుక్కుట శాస్త్రం అక్షరమ్ముక్క రానివాడి నోట కూడా ధారాళంగా వస్తుంది. కత్తులు గుడ్డ సంచీలోంచో చెక్కపెట్టెలోంచో బయటికొస్తాయి. ఒకడు కోడిని పట్టుకుంటే ఇంకొకడు కాలికి గుడ్డపేలిక చుట్టి, దాని మీద కత్తి పిడి ఆనించి, దారంతో బిగించి బిగించి కడతాడు. ఆ కట్టేవాడి వేళ్ళలో కంసాలికుండే ఓపిక ఉంటుంది. అప్పటిదాకా గుంపులో ఉన్నది కుతూహలమే. ఆ మొహాలు పిల్లవాడు చూసినా ఫరవాలేదు. కోళ్ళని వదిలాక నాలుగైదు ఎగురుళ్ళలో ఒకదానికి కత్తి దిగుతుంది. సరిగ్గా ఆ క్షణాన గుంపు కేక వేస్తుంది. నవ్వులు, ఈలలు, చేతులు మారే నోట్లు. పిల్లవాడికి అర్థం కానిది, గుండె ఝల్లుమనేది, ఇంతవరకు ఎప్పుడూ చూడనిది ఎదురుగా జరిగింది. దీనికి భయపడాలా, ఏడవాలా, సంతోషించాలా అని వాడు చుట్టూ చూస్తాడు. వంద మొహాలు వాడికి ఒకే జవాబు చెబుతాయి. వాడు అక్కడ నేర్చుకునే పాఠానికి రక్తంతో పని లేదు. ఒక ప్రాణికి దెబ్బ తగిలిన క్షణమే సంబరపడాల్సిన క్షణమన్నది ఆ పాఠం. ఎద్దు పుండు కాకికి ముద్దని మన సామెత. పిల్లల్ని కాకుల వైపు నిలబెట్టే చోటు బరి.

రోడియో దగ్గర ఇంత సూటిగా తేల్చలేం, అందుకే ఆ ఉదాహరణ నాకు ముఖ్యం. అక్కడ కత్తి లేదు. పశువైద్యులుంటారు, నియమాలుంటాయి. ఎద్దు వెనక కాళ్ళ ముందు భాగాన నడుముకి పట్టీ బిగిస్తారు, అది వదిలించుకోవడానికి ఎద్దు గంతులేస్తుంది. మీదున్నవాడు ఎనిమిది సెకన్లు నిలవాలి. వంద మార్కుల్లో యాభై మనిషివైతే యాభై ఎద్దువి. జంతువు గొప్పతనానికి కూడా మార్కులు పడే ఆట లోకంలో అరుదు, అందుకు దానికి నేనూ ఒక మార్కు వేస్తాను. గుంపు కేక వేసేది ఎద్దు ఎగిరినందుకూ, మనిషి నిలిచినందుకూ. కానీ అదే ఆవరణలో, అదే సాయంత్రం, పరిగెత్తే దూడ మెడకి తాడు పడి ఒక్క కుదుపుతో వెనక్కి విరుచుకుపడే అంశం ఉంటుంది. దానికీ అంతే చప్పట్లు. ఇక అయిదారేళ్ళ పిల్లల కోసం ప్రత్యేకంగా పెట్టిన అంశం చూడండి. తలకి హెల్మెట్, ఒంటికి కవచం తొడిగి పిల్లవాణ్ణి గొర్రె మీద బోర్లా పడుకోబెట్టి వదులుతారు. గొర్రె బెదిరి పరిగెడుతుంది, వాడు దాని బొచ్చు పట్టుకుని వేలాడి కొన్ని అడుగుల్లో దుమ్ములో పడతాడు. కొందరు లేచి చేతులూపుతారు, కొందరు ఏడుస్తారు, రెండింటికీ స్టేడియం అంతా నవ్వుతుంది. ఏడుస్తున్నవాడు తలెత్తి చూస్తే అంతెత్తున పేర్చినట్టు నవ్వే మొహాలు. గొర్రెకి తెలియని సంగతి ఆ పిల్లవాడికి అప్పుడు తెలుస్తుంది.

ఇదే హ్యూస్టన్ ప్రదర్శనలో రోడియో ఆవరణ బయట పశువుల కొట్టాలుంటాయి. పల్లెటూరి బడిపిల్లలు తాము సాకిన కోడెల్ని, గొర్రెల్ని, పందుల్ని తెచ్చి అక్కడ కట్టేస్తారు. పద్నాలుగేళ్ళ అమ్మాయి రబ్బరు గొట్టంతో కోడెని కడిగి, బొచ్చు దువ్వి, డెక్కలు శుభ్రం చేస్తుంటుంది. న్యాయనిర్ణేత ఒళ్ళు తడిమి చూసి బహుమతి ఇస్తాడు. ఆ తరవాత వేలం, వేలం తరవాత కబేళా. ఆ అమ్మాయికి అది ముందే తెలుసు. నాలుగేళ్ళవాణ్ణి నేనైతే అక్కడికే తీసుకెళ్ళమంటాను. అక్కడ చావు దాచిపెట్టలేదు. అయితే అక్కడి పెద్దల మొహాల్లో ఉండేది శ్రద్ధ, అంచనా, కొంత గర్వం, వేలం రోజున కొంత దిగులు. జంతువుతో మనిషికి ఉండాల్సిన వ్యవహారం ఎలాంటిదో ఆ మొహాలు చెబుతాయి. మన బండలాగుడు పోటీల్లో కూడా పందెం బాట కంటే పక్కనున్న పందిరే నాకు మేలుగా తోస్తుంది. గిత్తల నోరు తెరిచి పళ్ళు చూసి రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా అని తేల్చి వాటి వాటి వర్గాల్లో రాసుకునే చోట రైతు మొహం ఒకలా ఉంటుంది. టన్నుల బరువున్న బండ కదలక చర్నాకోలు పైకి లేచిన చోట ఇంకోలా ఉంటుంది. ఒకే మనిషి, ఒకే ఎద్దు.

దీనికి మొదటి అభ్యంతరం సంస్కృతి పేరుతో వస్తుంది. మన పందేలు మన పిల్లలకి చూపించకపోతే ఇంకెవరికి చూపిస్తామని అడుగుతారు. నిజమే, కోడిపందెం మన చరిత్రలో ఉంది. ఎలా ఉందో కూడా చెప్పుకోవాలి కదా. పన్నెండో శతాబ్దపు పల్నాడులో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు వేసుకున్న పందెం మాచెర్ల వాళ్ళని ఏడేళ్ళు ఊరు వదిలించి, చివరికి కారెంపూడి యుద్ధభూమిలో తేలింది. 1757లో బూడిదైన బొబ్బిలి కోట కథని జనం చెప్పుకునేటప్పుడు కూడా విజయనగరంతో పగ దగ్గర కోడిపందేన్ని తలుచుకుంటారు. కథలు కట్టినవాళ్ళు పందేన్ని వేడుకగా చెప్పలేదు, కొంపలు మునిగిన చోటుగా చెప్పారు. పిల్లలకి సంస్కృతి అందించాలనుకునేవాళ్ళు ఆ కథలు చెబితే పందెమూ తెలుస్తుంది, దాని పర్యవసానమూ తెలుస్తుంది. ఇండోనేషియాలో బాలి ద్వీపపు పందేల మీద క్లిఫర్డ్ గీర్ట్జ్ 1972లో రాసిన ప్రసిద్ధ వ్యాసం సారం కూడా ఇలాంటిదే: బరిలో కోళ్ళుంటాయి కానీ పణంగా పెట్టేది మగవాళ్ళ పరువు. నాగమ్మ కథ విన్న తెలుగువాడికి ఈ మాట కొత్తేమీ కాదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. ఆదివారం ఇంట్లో చికెన్ వండుకుంటూ సంతలో కోడికి కన్నీళ్ళు పెట్టడం కపటం కాదా అని. బ్రాయిలర్ కోడి అయిదారు వారాల్లో కత్తికి ఎరవుతుంది, బతికినన్నాళ్ళూ షెడ్డు దాటదు. పందెం కోడి ఏడాదో రెండేళ్ళో బాదం, జీడిపప్పు, కీమా తిని, ఈత కొట్టి, ఒళ్ళు కాపించుకుని బతుకుతుంది. కోడి పక్షాన లెక్క వేస్తే ఈ వాదనకి నా దగ్గర జవాబు లేదు. పందెం కోడి బతుకే మేలు. పిల్లవాడి లెక్క అలా రాదు. కసాయి కొట్టులో కోడిని కోసేవాడు ఆనందం కోసం కోయడు, కొనేవాడు కేకలు వేయడు, కోయడం చూద్దామని ఎవరూ టికెట్ కొనరు. చంపడం అక్కడ ఒక పని, మొహాలు కూడా పని చేసేవాళ్ళ మొహాల్లాగే ఉంటాయి. అరకు చుట్టుపక్కల పల్లెల్లో ఆరేళ్ళ పిల్లకి కోడి చావు కొత్త కాదు. అరుగు మీద పొదిగిన పిల్లల్ని గద్ద కంటపడకుండా గంప కింద మూసింది తనే, గింజలు చల్లింది తనే. అందులో ఒకటి సంతలో ఉప్పుకో నోటు పుస్తకానికో మారుతుంది, ఒకటి చుట్టం వచ్చినప్పుడు కూరవుతుంది, ఒకటి గ్రామదేవతకి పోతుంది. ఆ పిల్ల మొదట చూసింది గుడ్డు, చివర చూసింది కూర, మధ్యలో ఉన్నదంతా తనకి తెలుసు. ప్లాస్టిక్ కవర్లో ముక్కలు తప్ప కోడిని ఎరగని నగరపు పిల్లవాడు ప్రాణమున్న కోడిని శ్రద్ధగా చూసే మొదటి రోజు కాలికి కత్తితో ఎదురైతే, వాడి దగ్గర మిగతా కథ ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక పెదవి విరుపు వినిపిస్తుంది: అంటే గిరిజనులు ఆడితే ఒప్పు, మనం చూస్తే తప్పా? కాదు. మన్యం సంతలోని కత్తి భీమవరం కత్తి కంటే మెత్తగా దిగదు, అక్కడి పిల్లలు కూడా గుంపులో దూరి చూస్తారు, వాళ్ళూ అదే పాఠం నేర్చుకుంటారు. కొండ మీద ఉన్నంత మాత్రాన అది పవిత్రమైపోదు. నేను మాట్లాడుతున్నది వాళ్ళ మీద తీర్పు చెప్పే హక్కు గురించి కాదు. వినోదం కోసం కొండెక్కినవాళ్ళు తమ పిల్లలకి ఏం చూపించాలో ఎంచుకోగలరు, ఎంచుకోవాలి. కొండవాళ్ళ దగ్గర చూడదగ్గ నవ్వులకి కరువు కూడా లేదు. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ సంగతి తీసుకోండి. మగవాళ్ళు వేటకని అడవికి వెళ్తారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్రపెట్టి వచ్చీపోయే బళ్ళని ఆపి డబ్బులు అడుగుతారు, పాడతారు, ఆడతారు. అడవి నుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగవాణ్ణి ఊరి ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారు. 1972 చట్టం తరవాత వన్యప్రాణుల వేట నేరమన్నది నిజమే, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ ఎగతాళిలో పల్లె మొత్తం నవ్వేది దేన్ని చూసి? గొప్పలు చెప్పుకుని అడవికి వెళ్ళిన బలవంతుణ్ణి చూసి, అతని ఎదురుగానే. అతనూ నవ్వుతాడు. ఆ నవ్వు పిల్లలు చూడాలి. కారు ఆపినందుకు విసుక్కుని, అద్దం రెండంగుళాలు దించి పదిరూపాయల నోటు విసిరే తండ్రి మొహం మాత్రం చూడకూడదు. రిసార్టులో భోజనాల మధ్య థింసా ఆడించుకున్నప్పుడు బల్లల దగ్గర కనిపించే మొహాల గురించి కూడా ఈ మాటే చెప్పాల్సి ఉంటుంది.

పిల్లలు గట్టిపడొద్దా అన్నది ఇంకో మాట. దెబ్బ, రక్తం చూడకుండా పెంచితే రేపు లోకంలో ఎలా నెగ్గుకొస్తారని. పశువుల వెంట కొండవాలు ఎక్కే పిల్లవాడు గట్టివాడే, సందేహం లేదు. ఎద్దు బెదిరితే దానికి ఎదురెళ్ళేది వాడే, కాలికి ముల్లు గుచ్చుకుంటే పీకేది వాడే. రోడ్డు చేరని ఊళ్ళకి గుర్రం మీద బస్తాలు వేసుకుని వాగు దాటించేవాళ్ళ పిల్లలకి జంతువు బలం ఎంతో, బెదురు ఎంతో ఒంటితోనే తెలుసు. ఆ ధైర్యం జంతువు బాధ్యత మీద పడితే వచ్చింది. తండ్రి భుజాల మీద కూర్చుని ఇంకొకరి గాయాన్ని చూస్తే రాదు. అలా అని కోడిపందెం చూసిన పిల్లలంతా చెడిపోతారని భయపెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. 1751లో హోగార్త్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు క్రూరత్వానికి నాలుగు మెట్లు బొమ్మలుగా చెక్కాడు. మొదటి బొమ్మలో కుక్కని హింసించే కుర్రవాడు మూడో బొమ్మకి హంతకుడవుతాడు. అంత తిన్నగా జరిగేదైతే గోదావరి జిల్లాల్లో జైళ్ళు చాలవు. ఆ జిల్లాల మనుషుల మర్యాద, పెట్టుపోతలు లోకానికి తెలుసు. నా వాదన అంతదూరం పోదు. ఒక ప్రాణి దెబ్బతిన్నప్పుడు ముందుగా కలగాల్సిన ఉలుకు ఉంది చూడండి, అది పిల్లలకి పుట్టుకతోనే కొంత ఉంటుంది. ఆ ఉలుకు తప్పు అని గుంపు ఏకగ్రీవంగా చెప్పే చోటుకి వాణ్ణి చేజేతులా తీసుకెళ్ళడం దేనికి అన్నదే నా ప్రశ్న.

అన్నిటికంటే తెలివైన అభ్యంతరం చివరికి పెట్టాను. వాడు చూసేది మన మొహాన్నే అయితే మనమే గంభీరంగా నిలబడి, ఇది మంచిది కాదని వాడికి మొహంతోనే చెప్పొచ్చు కదా, అప్పుడు పందెమే పాఠమవుతుంది కదా అని. వినడానికి బాగుంది. అక్కడ నిలబడ్డవాడు మీరొక్కరే అయితే పనిచేసేది కూడా. కానీ గుంపులో ఉన్నవి వంద మొహాలు, గట్టిగా అరిచేవి తొంభై తొమ్మిది. పైగా భుజాల మీద కూర్చున్న పిల్లవాడికి కనిపించని మొహం ఆ గుంపులో ఒక్కటే, వాడి తండ్రిది. వాడి కాళ్ళు పట్టుకున్న చేతులు బిగుసుకున్నాయో, పందెం ఊపుకి ఊగుతున్నాయో మాత్రం వాడికి తెలుస్తుంది; మంచిది కాదనుకుంటూనే ఆఖరిదాకా నిలబడ్డ తండ్రి కాళ్ళు ఏం చెబుతున్నాయో కూడా తెలుస్తుంది. ఇంటికొచ్చాక మాటలతో సరిచేద్దామంటే, "ఏం కాలేదమ్మా, ఆట" అన్న మాట అప్పటికే నోటి నుంచి వచ్చేసి ఉంటుంది. పిల్లవాడు బెదిరినప్పుడు దాదాపు ప్రతి తండ్రీ అనేది అదే. వాడు కళ్ళారా చూసినదాన్ని కాదని చెప్పడమది.

శుక్రవారం నాడు అరకులో ఉంటే సంతకి పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. గుంపు ఉన్న వైపు ఏముందని అడిగితే ఉన్నదున్నట్టు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: కోళ్ళకి కత్తులు కట్టి కొట్టిస్తున్నారు, డబ్బు పందెం కాస్తున్నారు, మనం చూడం. అయిదేళ్ళవాడికి అంతకంటే అక్కర్లేదు. కోళ్ళు అమ్మే వైపు వెళ్తే బోలెడు పని ఉంటుంది. గంపలో కోడిని అమ్ముతున్న ఆమె దాని రెక్కల కింద చెయ్యి పెట్టి ఎత్తి చూపిస్తుంది. కొనేవాడు రొమ్ము ఎముక మీద బొటనవేలు నొక్కి కండ ఎంతుందో చూస్తాడు, ఈకలు ఊది చర్మం రంగు చూస్తాడు, కళ్ళు చూస్తాడు, పెట్ట అయితే ఎన్ని గుడ్లు పెట్టిందని అడుగుతాడు. ఆమె చెప్పిన ధరకి ఇద్దరూ నవ్వుకుంటారు, బేరం తెగుతుంది. అడిగితే పిల్లవాడి చేతికి కూడా ఇస్తుంది. ఈకల కింద వెచ్చదనం, గుండె దడ వాడికి తెలుస్తాయి. ఆ పక్కనే కాళ్ళు కట్టేసిన కోళ్ళని తలకిందులుగా వేలాడదీసుకుని పోయేవాళ్ళూ కనిపిస్తారు, వాటికి నొప్పి పుట్టదా అని వాడు అడుగుతాడు. పుడుతుందనే చెప్పాలి. మీరు కొన్నదాన్ని మాత్రం బుట్టలోనో చేతుల్లోనో పెట్టుకుని తీసుకెళ్ళొచ్చు. సంతలో బుట్టలకి కొదవేమీ లేదు, వెదురు పని చేసేవాళ్ళు అక్కడే అమ్ముతుంటారు.